మన చేతి రాత, మన చేతి పుస్తకం



ఈ సంవత్సరం మా తొమ్మిదో తరగతి వాళ్ళకు నాలుగు ఆదివారాలు ఒక శిక్షణ జరిగింది. మండల కేంద్రంలో బోర్డులు రాసే పెయింటర్లు, పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నరు. వాళ్ళు మన బడికి వచ్చి అక్షరాలు అందంగా రాయడం, చేత్తో పుస్తకం కుట్టడం నేర్పిండ్రు. మిగతా తరగతుల వాళ్ళు "ఏం నేర్పిండ్రు, మాకు గూడ చెప్పుండ్రి" అని అడుగుతున్నరు. అందుకే ఈ పాఠం రాస్తున్న. ఇది చదివి మీరు గూడ ఒక పుస్తకం చేయవచ్చును.

నేర్పినవాళ్ళు ఎవరు?

పెయింటరు సారు ముప్పై ఏండ్ల నుండి దుకాణాల బోర్డులు, గోడల మీద రాతలు రాసినాడు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత బోర్డు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయిండ్రు. బైండింగు తాత ఆఫీసుల రిజిస్టర్లు కుట్టేవాడు. కంప్యూటర్లు వచ్చినంక ఆ పని గూడ తగ్గింది. వాళ్ళ పిల్లలు ఈ పని నేర్చుకోలేదు. "మాతోనే ఈ పని పోవద్దు బిడ్డా, నేర్చుకునేటోళ్ళు ఉంటే మేమే వచ్చి చెప్తం" అని తాత అన్నాడు. పైసలు అడగలేదు. మధ్యాహ్నం మాతో పాటు మెస్సులోనే తిన్నరు.

పూర్వం పుస్తకం ఎట్లుండేది?

కాగితం రాకముందు మన దేశంలో తాటాకుల మీద రాసేవారు. ఆకులను ఎండబెట్టి, ఉడకబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కోసేవారు. రాసే సాధనం పేరు గంటం. అది మొన ఉన్న ఇనుప పుల్ల. గంటంతో గీకితే ఆకు మీద గీత పడుతుంది కాని కనబడదు. అప్పుడు దీపం మసి గాని ఆకుపసరు గాని పూసి తుడిస్తే, గీతలలో నలుపు నిలిచి అక్షరం కనబడుతుంది. ఆకులకు రంధ్రం చేసి, తాడు గుచ్చి, పైన కింద చెక్కలు పెట్టి కట్టేవారు. ఆకు ఈనె వెంబడి గీతలు గట్టిగా గీస్తే చీలిపోతుంది, తెలుగు అక్షరాలు గుండ్రంగా అయినందుకు అది ఒక కారణం అని పెద్దలు చెబుతారు.

మన జిల్లాలోనే దొరికిన పుస్తకాలు

ఈ సంగతి మనం అందరం తెలుసుకోవాలె. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరు ఉంది. ఆ ఊరిలో గోండి భాషకు సొంత లిపిలో చేత్తో రాసిన పుస్తకాలు దాదాపు పన్నెండు దొరికినవి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుండి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని చదివించే పని చేసింది. 2014లో ఆ లిపికి కంప్యూటరు అక్షరాలను విడుదల చేసినారు. 2018లో ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో గుంజాల గోండి లిపి చేరింది. తెలుగులో హల్లులు 'క'తో మొదలైతే, గుంజాల లిపిలో 'య'తో మొదలవుతవి.

గోండికి ఇంకొక లిపి కూడా ఉంది. దానిని 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం అనే గోండు పెద్దమనిషి తయారుచేసినారు. దానికి యూనికోడ్‌లో చోటు 2017లో దొరికింది.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టినారు. హైమన్‌డార్ఫ్ దొర కాలంలో గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేసినారు. అంటే మన మాటను రాసే పని కొత్తగా పుట్టింది కాదు.

2011 జనాభా లెక్కలలో గోండి మా మాతృభాష అని చెప్పినవాళ్ళు మొత్తం దేశంలో సుమారు 29 లక్షల 84 వేల మంది. అంతమంది మాట్లాడే భాషలో నేను మా ఇంట్లో ఒక్క పుస్తకం చూడలేదు. మా ఇంట్లో కాగితం మీద ఉన్నది అమ్మానాయనల వేలిముద్రలే. అందుకే గుంజాల సంగతి చెప్పినప్పుడు నేను చాలాసేపు దానినే ఆలోచించిన. ఆ పుస్తకాలు గూడ ఎవరో మన ఊర్లలోనే కూర్చొని, చేత్తో రాసి, కట్టి పెట్టినవే కదా.

అక్షరం దిద్దే పద్ధతి

1. కలం: ఎండిన సన్న వెదురు పుల్ల తీసుకొని కొనను ఏటవాలుగా చెక్కాలె. మొనను బద్దలాగ చదునుగా కోసి, నడుమ చిన్న చీలిక పెట్టాలె. ఆ చీలికలో సిరా నిలిచి మెల్లగా దిగుతది.

2. గీతలు: ముందు పెన్సిలుతో రెండు గీతలు గీయాలె. అక్షరం ఎత్తు మొన వెడల్పుకు నాలుగైదు ఇంతలు ఉంటే బాగుంటదని పెయింటరు సారు చెప్పిండు. పైన గుడికి, కింద ఒత్తుకు చోటు విడువాలె. తెలుగులో కిందికి ఒత్తులు వస్తవి గనుక వరుసల మధ్య ఇంగ్లీషు కంటె ఎక్కువ ఖాళీ కావాలె.

3. పట్టుకొనుట: కలం మొన ఎప్పుడూ ఒకే వాలులో ఉండాలె. చెయ్యి తిరగాలె కాని కలం వేళ్ళలో తిరగవద్దు. అప్పుడు గుండ్రం గీత ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా దానంతట అదే వస్తది.

4. వరుస: మొదటి రోజు అక్షరాలు రాయనియ్యలేదు. గంటసేపు సున్నలే పెట్టించిండు. తరువాత సగం సున్నలు, తరువాత ర, గ, త. ముందు అక్షరం ఒళ్ళు రాయాలె, తరువాత తలకట్టు పెట్టాలె.

5. తేడాలు: 'వ'కు తలకట్టు అతుక్కొని ఉంటది, 'ప'కు విడిగా ఉంటది. 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ', దాని కడుపులో చుక్క పెడితే 'థ'. ఇంత చిన్న గీతతోనే మాట మారిపోతది. మన ఇండ్లలో చాలామంది పేర్లు కాగితాలలో ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉండి, దానితోని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నరు. అందుకే తాత చెప్పిండు: "అందం తరువాత బిడ్డా. ముందు చదివేటోడు ఒక్కతీరుగనే చదవాలె."

సిరా తయారుచేయుట

కరక్కాయలు అడవిలో మన అమ్మవాళ్ళు ఏరుతరు కదా. వాటి పెచ్చులు దంచి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున మరిగించి వడగట్టాలె. అందులో కొంచెం అన్నభేది కలిపితే నల్లగా మారుతది. అన్నభేదిలో ఇనుము ఉంది, కరక్కాయలో వగరు పదార్థం ఉంది. దాని పేరు టానిన్. ఈ రెండూ కలిస్తే నలుపు వస్తుంది. చివరకు తుమ్మబంక కరిగించి పోస్తే సిరా చిక్కబడి కాగితానికి పడుతుంది.

కాని ఇనుముతో చేసిన సిరా చాలా ఏండ్ల తరువాత కాగితాన్ని తినేస్తుంది. కలకాలం ఉండవలసిన పుస్తకానికి దీపం మసిని తుమ్మబంక నీళ్ళతో నూరి చేసిన సిరా మంచిది. మసి అనగా కర్బనం. అది వెలవదు, కాగితాన్ని చెరచదు. తాటాకుల మీద పూసినది గూడ మసియే అని గుర్తు చేసుకోండి.

పుస్తకం కుట్టుట

కావలసినవి: ఏ4 తెల్ల కాగితాలు 8, అట్టకు దళసరి కాగితం 1, దబ్బనం, లావు సూది, నూలుదారం, తేనెమైనం, స్కేలు.

మొదలు కాగితం పోగు చూడాలె. వెదురు నిలువునా సులువుగా చీలుతది, అడ్డంగా చీలదు. కాగితం గూడ అంతే. రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఒక దిక్కు తేలికగా వంగుతది. పోగు పుస్తకం వెన్నుపక్కకు నిలువుగా ఉంటే పేజీలు చక్కగా పడుకుంటవి. ఏ4 కాగితాలకు చాలావరకు పోగు పొడుగుపక్కకు ఉంటది, సగానికి మడిస్తే మడత అడ్డం పడతది. పల్చని పుస్తకానికి పరవాలేదు. దళసరి అట్టకు మాత్రం పోగు చూసే కోయాలె, లేకుంటే అట్ట వంకరపోతది.

పద్ధతి:

(1) 8 కాగితాలను ఒక్కొక్కటిగా సగానికి మడిచి, ఒకదానిలో ఒకటి పెట్టండి. ఒక కాగితానికి 4 పేజీలు గనుక 32 పేజీలు అవుతవి. పైన అట్ట వేయండి.

(2) మడత పొడవు 21 సెంటీమీటర్లు. నడుమ 10.5 దగ్గర ఒకటి, రెండు కొనల నుండి 3 సెంటీమీటర్లు విడిచి ఒక్కొక్కటి, మొత్తం మూడు రంధ్రాలు దబ్బనంతో పొడవండి.

(3) దారం మడత పొడవుకు రెండున్నర ఇంతలు, అంటే దాదాపు 55 సెంటీమీటర్లు తీసుకొని తేనెమైనం మీద మూడుసార్లు లాగండి. దారం చిక్కుపడదు, బలంగా ఉంటది. తేనె తీసినంక మన ఊర్లలో మిగిలే మైనం ఇదే.

(4) లోపలి నుండి నడుమ రంధ్రంలో సూది గుచ్చి బయటికి తీయండి. బయట నుండి పై రంధ్రంలో లోపలికి. లోపల నడుమ రంధ్రాన్ని దాటేసి కింది రంధ్రంలో బయటికి. మళ్ళీ నడుమ రంధ్రంలో లోపలికి. ఇప్పుడు రెండు కొనలూ లోపలే ఉంటవి. లోపలి పొడుగు దారానికి ఒక కొన ఈ పక్క, ఒక కొన ఆ పక్క ఉండేటట్టు పెట్టి గట్టిగా ముడి వేయండి.

లావు పుస్తకానికి ఇటువంటి మడతలు నాలుగైదు పేర్చి ఒకదానికొకటి కుడతరు, వెన్నుకు మైదా గంజి రాసి గుడ్డ అంటిస్తరు. పురుగు పట్టకుండా బైండింగు వాళ్ళు గంజిలో చిటికెడు మైలుతుత్తం వేస్తరు. అది విషం. చిన్నపిల్లలు ముట్టుకోవద్దు, ముట్టినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలె.

పుస్తకంలో ఏం రాయాలె?

చివరి ఆదివారం పెయింటరు సారు "సినిమా పాటలు, పాఠం నోట్సు రాయకుండ్రి. ఏ పుస్తకంలోనూ లేనిది రాయుండ్రి" అన్నాడు. నేను మా గోండి మాటలు రాయాలనుకున్న. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మమ్మను, మా ఊరి ప్రధాన్ తాతను అడిగిన. మా గోండుల కథలు ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పుకుంట వస్తున్నరు. తాత కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తరువాత అన్నాడు, "ఊరి మాటలు రాసుకో, చెట్ల పేర్లు రాసుకో. పేన్ దగ్గర పాడేది మాత్రం రాయొద్దు. అది ఆ దినం, ఆ చోట కూర్చొని వినాలె." నేను సరే అన్న. పుస్తకం చేసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలె. అడిగి రాయాలె, వద్దన్నది విడువాలె.

నా పుస్తకంలో పేజీకి ఒక మాట. పైన బొమ్మ, కింద తెలుగు అక్షరాలలో గోండి మాట, దాని పక్కన గుంజాల లిపిలో అదే మాట. నార్ అంటే ఊరు. రోన్ అంటే ఇల్లు. మరా అంటే చెట్టు. యేర్ అంటే నీళ్ళు. గుంజాల అక్షరాలు మా ఊరి అన్న దగ్గరున్న వాచకం చూసి దిద్దిన. అమ్మమ్మకు చదువు రాదు. బొమ్మ మీద వేలు పెట్టి మాట చెప్పింది, పేజీ తిప్పింది, ఇంకొకటి చెప్పింది. అట్ల పుస్తకం మొత్తం చదివింది.

ఇప్పుడు ఆ పుస్తకం మూడో తరగతి గదిలో ఉంది. ఈ ఏడాది కొత్తగా చేరిన చెల్లెండ్లలో కొందరికి తెలుగు రాదు. సారు పాఠం చెబుతుంటే ఊరికే చూస్తరు. నేను మూడో తరగతిలో అట్లనే కూర్చున్న గనుక నాకు తెలుసు. ఒక కొలాం చెల్లె వచ్చిన దగ్గర నుండి మాట్లాడకపోయేది. నీళ్ళ బొమ్మ పేజీ చూసి, నేను యేర్ అని చదివితే, తల అడ్డంగా ఊపి "ఈర్" అన్నది. వాళ్ళ కొలామిలో నీళ్ళను ఈర్ అంటరు. తెలుగు మేడమ్ విని, "తెలుగు, గోండి, కొలామి ఒకే తల్లి బిడ్డలు, ఇవన్నీ ద్రావిడ భాషలు" అని బోర్డు మీద రాసింది. ఆ చెల్లె తన మాటను ఆ పేజీలోనే నా మాట కింద రాయమన్నది. రాసిన. ఇప్పుడు ఆమెకు తన పుస్తకం కావాలట.

మన భాషల పుస్తకాలు అచ్చై వచ్చేదాకా ఆ చిన్నపిల్లలు ఊరికే కూర్చోవద్దు. ఎనిమిది కాగితాలు, కొంత దారం, ఒక సూది ఉంటే ఒక్క ఆదివారంలో పుస్తకం అవుతది.

చేసి చూడండి

1. మీ ఇంట్లో మాట్లాడే భాషలో నీళ్ళను ఏమంటరు? గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఏదైనా సరే, రాసి ఈ గోడపత్రిక కింద పెట్టిన డబ్బాలో వేయండి.
2. పాత నోటుపుస్తకం కుట్టు విప్పి చూడండి. ఎన్ని మడతలు, ఎన్ని రంధ్రాలు ఉన్నవి?
3. ఇనుము సిరా, మసి సిరా, ఈ రెండింటిలో ఏది ఎక్కువ కాలం ఉంటది? ఎందుకు?

దబ్బనం, సూదులు, మైనం లైబ్రరీ అల్మారాలో కింది అరలో ఉన్నవి. తాళం చెవి తెలుగు మేడమ్ దగ్గర ఉంది. వచ్చే ఆదివారం పొద్దున టిఫిను తరువాత వరండాలో కూర్చుంటం. ఆరో తరగతి వాళ్ళు గూడ రావచ్చు. కాగితాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని