గిడ్డంగిలో స్థలము ఆదా – ఇరుకు నడవల లిఫ్టు ట్రక్కులు

వర్తకమునకు మూలధనము ఎంత అవసరమో, సరుకును నిలువచేయు చోటు కూడ అంత అవసరము. నగర పరిసరములలో భూమి ఖరీదు పెరుగుకొలది గిడ్డంగి యజమానికి ఒక ప్రశ్న ఎదురగును: కొత్త కట్టడము కట్టవలెనా, ఉన్న కట్టడములోనే మరింత సరుకు పట్టించవలెనా? వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఉపకరించునను తలంపుతో రెండవ మార్గమును గూర్చి ఇచట వివరింపనెంచితిమి.

అరలు అమర్చిన గిడ్డంగిలో తరచు సరుకుకంటె నడవయే ఎక్కువ స్థలమును ఆక్రమించును. ఆ నడవ వెడల్పును నిర్ణయించునది ట్రక్కు. సాధారణ ఫోర్కులిఫ్టు బరువును ముందు చక్రములకు ఆవల మోయును. అది ముందుకు ఒరగకుండ వెనుక భారీ ఇనుపదిమ్మె ఉండును. అందుచే బండి పొడవగును. అరలోని సరుకు తీయుటకు బండి మొత్తము అడ్డముగా తిరుగవలెను. దీనికి సుమారు 3.5 నుండి 4 మీటర్ల నడవ కావలెను. రీచ్ ట్రక్కు బరువును తన చక్రముల నడుమకు లాగుకొనును గనుక దానికి సుమారు 2.8 మీటర్లు చాలును. టరెట్ ట్రక్కు నడవలో తిరుగనే తిరుగదు. దాని ఫోర్కులు మాత్రమే కుడియెడమలకు తిరుగును. దానికి ఇంచుమించు 1.7 మీటర్లు సరిపోవును.

ఒక లెక్క చూతము. గిడ్డంగి వెడల్పు 56 మీటర్లనియు, ప్రతి అర లోతు 1 మీటరనియు అనుకొందము. నడవకు ఇరువైపుల ఒక్కొక్క అరల వరుస ఉండును. నడవ 3.6 మీటర్లయినచో ఒక్కొక్క జతకు 5.6 మీటర్లు పట్టును. మొత్తము 20 వరుసలు వచ్చును. నడవ 1.7 మీటర్లయినచో జతకు 3.7 మీటర్లే, 15 జతలు, అనగా 30 వరుసలు పట్టును. గోడ జరుపకయే నిలువశక్తి ఒకటిన్నర రెట్లాయెను.

అయితే ఈ లాభము ఊరక రాదు. ట్రక్కు చక్రముల నడుమ దూరము 1.2 మీటర్లనుకొనిన, నేలలో 3 మిల్లీమీటర్ల హెచ్చుతగ్గున్నను 8 మీటర్ల ఎత్తున స్తంభము 20 మిల్లీమీటర్లు ఒరగును. కావున నేల మిక్కిలి చదునుగా ఉండవలెను. ఎత్తు పెరుగుకొలది ట్రక్కు మోయగల బరువు తగ్గును. బండిపై బిగించిన పలకలోని పరిమితిని మీరరాదు. ఇరుకు నడవలో తప్పుకొనుటకు చోటుండదు గనుక ట్రక్కు ఉన్నపుడు కాలినడకన ఎవరును ప్రవేశింపరాదు. స్థలము మిగిల్చుటకై మనిషి ప్రాణమును పణముగా ఒడ్డుట ఆదా కానేరదు. లారీలనుండి సరుకు దింపుటకు వేరొక బండి కూడ అవసరమగును.

ఈ పద్ధతి అంతటికిని తగదు. 1957లో స్థాపితమైన కేంద్ర గిడ్డంగుల సంస్థవంటివి ధాన్యపు బస్తాలను నిట్టులుగా పేర్చి నిలువచేయుట మనమెరిగినదే. ఒకే సరుకు రాశిగా ఉన్నచోట ప్రతి బస్తాను విడిగా అందుకొను అవసరము లేదు. అచట ఇరుకు నడవల యంత్రము వృథా వ్యయము. మందులు, యంత్రభాగములు మున్నగు పలురకముల సరుకులున్నచోటనే అది రాణించును.

కావున రేపు గిడ్డంగుల నిర్వహణ చేపట్టబోవు మన విద్యార్థులు ట్రక్కు వెలను మాత్రమే చూడక, నేల, సరుకు, పనివాని క్షేమము – ఈ మూడింటిని కలిపి తూచి నిర్ణయింతురుగాక యని కోరుచున్నాము.