పాముకాటు – వైద్యమున అసమానత

పాము విషమునకు విరుగుడు మందును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాల్మెట్ 1890 దశకములోనే కనుగొనెను. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము నేటికిని ఏటా 81,000 నుండి 1,38,000 మంది పాముకాటుచే మరణించుచున్నారు. వీరిలో అత్యధికులు బీదదేశముల పల్లెవాసులు. కొనువారు పేదలగుటచే పరిశోధనకు ధనము కరవైనది. నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల పట్టికలో ఆ సంస్థ దీనిని చేర్చినది 2017లో మాత్రమే.

మన అహోబిలమునే చూతము. నల్లమలలో తేనె, దుంపలు సేకరించు చెంచులకు పాము నిత్యభయము. విషమెక్కినవారికి ప్రతి గడియయు ప్రాణప్రదము. విరుగుడు మన దేశముననే తయారగుచున్నను, రోగి దానిని సకాలమున చేరలేనిచో అది లేనట్లే.

కట్టు బిగించుట, గాటు పెట్టుట, మంత్రము వేయించుట మాని, కాటుపడిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఈ మాటను చెంచుగూడెములకు చేర్చినప్పుడే మన చదువు సార్థకము.