బెండు బాతు

శీతకాలంలో యానాం దగ్గర గౌతమీ గోదావరి తీరాన నిలబడి చూడండి. సముద్రానికి చేరువగా, మడ అడవుల మధ్య, పలచని నీళ్ళ మీద పక్షులు గుంపులుగా వాలుతుంటాయి. హిమాలయాలకు ఆవలనుంచి గోదావరి డెల్టాకు వచ్చే బాతుల్లో సూదితోక బాతు ఒకటి. బాతుల గుంపు దిగేముందు నీటి చుట్టూ తిరుగుతుంది. కింద తమవంటి పక్షులు నిశ్చింతగా ఈదుతూ కనిపిస్తే ధైర్యంగా దిగుతుంది.

ఈ నమ్మకాన్నే వేటగాడు ఎరగా చేసుకున్నాడు. పక్షిని చూపి పక్షిని పట్టడం మన పూర్వులకూ తెలుసు. అందుకోసం పెంచిన పక్షిని గాని, మృగాన్ని గాని తెలుగులో ‘దీమం’ అంటారు. ఇంత చక్కని మాట నేడు అరుదుగా వినబడుతుంది. ప్రాణమున్న దీమానికి బదులు బొమ్మను నీటిపై వదలడం అమెరికాలో చాలా పాతది. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో తుంగ కట్టలతో చేసిన 11 బాతుబొమ్మలు దొరికాయి. వాటి వయస్సు సుమారు 2,000 ఏళ్ళు! తరువాతి కాలంవారు కొయ్యతోనూ బెండుతోనూ చేశారు.

బెండంటే మనకు జీలుగు బెండు గుర్తుకొస్తుంది. చెరువుల్లో పెరిగే జీలుగు కాడలోని తెల్లని, తేలికైన భాగం అది. వారి బెండు వేరు. పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. సీసాల బిరడాలు చేసేది దానితోనే. సుమారు తొమ్మిదేళ్ళకొకసారి వలుస్తారు. చెట్టు చావదు, మళ్ళీ బెరడు కడుతుంది.

పనివాడు బెండు దిమ్మెను కత్తితో చెక్కి, ఆకురాయితో రాచి ఒళ్ళు తీరుస్తాడు. తల మాత్రం కొయ్యతో చేయాలి. సన్నని ముక్కు బెండులో నిలవదు, విరుగుతుంది. తోకకు కూడా చిన్న చెక్క అతికిస్తాడు. కడుపు కింద సీసపు బరువు బిగించకపోతే బొమ్మ అలకు పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన బాతును చూసి ఏ బాతు దిగుతుంది? రంగు మెరవకూడదు, ఎండకు తళుక్కుమంటే గుంపు బెదురుతుంది. తలలన్నీ నిక్కి ఉన్నా అనుమానమే, ఎందుకంటే మెడ నిక్కించేది భయపడ్డ బాతు. అందుకే కొన్నిటిని కునుకుతున్నట్లు, కొన్నిటిని మేస్తున్నట్లు చేస్తారు. బాతులను రోజుల తరబడి గమనించనివాడికి ఈ పని పట్టుబడదు.

వేట మితిమీరి బాతులు తగ్గిపోగా, 1935లో అమెరికా ప్రభుత్వం ప్రాణమున్న దీమాలను నిషేధించింది. బొమ్మలు మిగిలాయి. వేటకు పోని చేతుల్లోకి కూడా చేరాయి. ఎల్మర్ క్రోవెల్ కొయ్యతో చెక్కిన సూదితోక బాతు 2007లో పది లక్షల డాలర్లకు పైగా పలికింది!

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతులను వేటాడడం నేరం. యానాం పక్కనున్న కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. బాతు మెడ ఎలా వంచుతుందో ఒడ్డున కూర్చుని చూడవచ్చు. తరువాత జీలుగు బెండు దొరికితే ఒక బాతును చెక్కండి. ముక్కుకు వెదురు పుల్ల వాడండి. కడుపు కింద బరువు కట్టడం మరవకండి.