క్లోజర్‌లో డబ్బా అప్పటికప్పుడే నింపుకోవడానికి చిట్కాలు

రిచ్ హికీ 2007లో విడుదల చేసిన క్లోజర్ భాషలో మ్యాప్, ఫిల్టర్ లేజీ ఫంక్షన్లు. పిండి కలిపి ఉంచుతాయి గానీ, తినేవాళ్లు పీట మీద కూర్చుంటేనే అట్టు వేస్తాయి. చాలాసార్లు అదే సుఖం. ఆబ్జెక్టులన్నీ వెంటనే తయారై ఒక డబ్బాలో (వెక్టర్, సెట్ లాంటిదాంట్లో) చేతికి రావాలంటే మాత్రం ఇలా చేయండి.

1. మ్యాప్ బదులు మ్యాప్‌వి, ఫిల్టర్ బదులు ఫిల్టర్‌వి రాయండి. 1.4 వెర్షన్ నుంచి ఉన్నాయి. అక్కడికక్కడే పని ముగించి వెక్టర్ ఇస్తాయి.

2. ఫైలు చదివేటప్పుడు మరీ జాగ్రత్త. విత్-ఓపెన్ లోపల లైన్-సీక్ మీద మ్యాప్ వేసి ఫలితాన్ని బయటికి పంపామనుకోండి. వరుసలు నిజంగా అడిగేసరికి ఫైలు మూతపడి ఉంటుంది, ‘స్ట్రీమ్ క్లోజ్డ్’ అని ఎర్రర్ వస్తుంది. అదీ చదివిన చోట కాదు, ఎక్కడో ప్రింట్ చేసిన చోట! నేను ఒక పూటంతా ప్రింట్ కోడ్‌లోనే తప్పు వెతికాను. మ్యాప్‌వి వాడితే తలుపు మూసేలోపే సరుకంతా ఇంట్లోకి వచ్చేస్తుంది. ట్రై-క్యాచ్‌కీ ఇదే మాట: లోపల లేజీగా వదిలేసిన పనిలో తప్పు జరిగితే క్యాచ్‌కి చిక్కదు.

3. డేటాబేస్‌లో రాయడం, మెయిల్ పంపడం లాంటి పనులకు మ్యాప్ వద్దు. రెప్ల్ దగ్గర చక్కగా పనిచేసినట్టే ఉంటుంది, ఎందుకంటే రెప్ల్ ఫలితాన్ని ప్రింట్ చేయడానికి అన్నిటినీ అడుగుతుంది. అదే కోడ్‌ను ప్రోగ్రాంలో పెడితే, ఫలితాన్ని ఎవరూ అడగరు కాబట్టి ఒక్క మెయిలూ వెళ్లదు, ఎర్రరూ రాదు. డూసీక్ గానీ, 1.7లో వచ్చిన రన్! గానీ వాడండి.

4. ‘మొదటిది ఒక్కటే అడిగాను, ఒక్కటే తయారవుతుంది’ అని ధీమాగా ఉండకండి. వెక్టర్ మీద మ్యాప్ వేస్తే 32 చొప్పున తయారవుతాయి.

5. వెక్టర్ కాకుండా వేరే డబ్బా కావాలా? ఇన్‌టు ఉంది. ఖాళీ సెట్ ఇస్తే రెండోసారి వచ్చినవి పోతాయి; ఖాళీ మ్యాప్ (ఫంక్షన్ కాదు, అదే పేరున్న డబ్బా) ఇచ్చి జతలు పోస్తే నిఘంటువు తయారవుతుంది. ఖాళీ లిస్ట్ ఇస్తే వరుస తిరగబడుతుంది, చూసుకోండి. మధ్యలో ట్రాన్స్‌డ్యూసర్ పెడితే వడపోత, మార్పు ఒకే దఫాలో అవుతాయి, మధ్యంతర జాబితాలు ఉండవు.

6. అంతులేని జాబితా మీద మ్యాప్‌వి వేయకండి, ముందు టేక్‌తో కొలిచి తీసుకోండి. మెమరీలో పట్టనంత పెద్ద ఫైలైతే డబ్బా నింపడం మానేసి, రెడ్యూస్‌తో ఒక్కో వరుసా చూస్తూ లెక్క కట్టుకుపోండి.