తెర లేచాక ఏం చూడాలి? నాటకాన్ని విశ్లేషించడం ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళకు

గోపన్‌పల్లిలో అద్దెకు ఇల్లు చూసుకునేవాళ్ళు ఆఫీసు ఎంత దూరం, నీళ్ళకు ఇబ్బంది ఉందా అని అడుగుతారు గానీ దగ్గర్లో నాటకాలు ఆడతారా అని అడగరు. నాటకం విషయంలో ఇంత కలిసొచ్చిన చోటు నగరంలో ఇంకొకటి చెప్పడం కష్టం. పక్కనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, అందులో రంగస్థల కళల శాఖ. లింగంపల్లి వైపు వెళ్తే సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజాల వారసులు స్థిరపడింది అక్కడే. చూడటానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఎలా చూడాలన్నదే ఇప్పుడు సంగతి.

ముందుగా ఒక ప్రశ్నను పక్కన పెట్టండి: ‘ఈ నాటకం ఇచ్చే సందేశం ఏమిటి?’ కన్యాశుల్కం సందేశం ‘పసిపిల్లల్ని ముసలివాళ్ళకు అమ్మకూడదు’ అని తేల్చేస్తే, ఆ ఒక్క వాక్యం కోసం గురజాడ అంత పుస్తకం రాయనక్కర్లేదు. దాని బదులు ఇలా అడగండి: ఈ క్షణాన నాకు తెలిసి, వేదిక మీది మనిషికి తెలియనిది ఏమిటి? నాటకకర్త చేతిలో దీన్ని మించిన పనిముట్టు లేదు. మిగతావన్నీ దీని తర్వాతే.

1. ఒక్క నాటకం పట్టుకోండి

పది నాటకాలు పైపైన చూసేకంటే ఒక్కటి నాలుగుసార్లు చదవడం మేలు. నా ఓటు కన్యాశుల్కానికే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఇవాళ పుస్తకాల షాపులో దొరికేది సాధారణంగా ఈ రెండోదే. చాలా పెద్దది, మొత్తంగా ఆడటం కష్టం. అందుకే బృందాలు కుదించి ఆడతాయి. అందులోని గిరీశం పాత్రతో పేరు తెచ్చుకున్న జె.వి. రమణమూర్తి అలా కుదించినదాన్నే ఊరూరా ఆడారు. మొదటి అంకాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి పాత్రలు పంచుకుని పైకి చదవండి. నాటకం నోటికోసం రాసింది, కళ్ళతో చదివితే సగమే తెలుస్తుంది. విజయనగరం యాస రాకపోయినా ఫరవాలేదు. నాలుగు పేజీలు తిరిగేసరికి అదే నాలుక మీదికి వస్తుంది.

2. ఎవరికి ఏం తెలుసో రాసుకోండి

ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు పాత్రల పేర్లు రాయండి. ప్రతి రంగం చివర ఎవరికి ఏ రహస్యం తెలుసో ఎదురుగా గుర్తు పెట్టండి. అన్నిటికంటే కింద ‘నేను’ అని ఒక వరస ఉంచండి, అది ప్రేక్షకుడిది. అసలు పని అక్కడే జరుగుతుంది.

కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతాడు. దాన్ని తప్పించాలని పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తన కూతురని చెప్పి తక్కువ ధరకు బేరం పెడతాడు. పెళ్ళికూతురు మగపిల్లాడని వేశ్య మధురవాణికి తెలుసు, మనకు తెలుసు. లుబ్ధావధాన్లుకు తెలియదు. బేరం కుదిర్చానని మురిసిపోయే రామప్పంతులుకూ తెలియదు.

ఇప్పుడు సురభి వాళ్ళు తరాలుగా ఆడుతున్న ‘మాయాబజార్’ తీసుకోండి. అక్కడా దొంగ పెళ్ళికూతురే. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడికి తెలియదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే పట్టికలు దాదాపు ఒకటే. తేడా ఎక్కడుందో వెతకండి. మాయాబజార్‌లో పెళ్ళికొడుకును మోసం చెయ్యడానికి రాక్షస మాయ కావలసి వచ్చింది. కన్యాశుల్కంలో మాయా లేదు మంత్రమూ లేదు. ఒక చీర కట్టి, ధర తగ్గించి చెబితే చాలింది. కొనేవాడి కళ్ళు బేరం మీదున్నాయి, పిల్ల మీద లేవు. పాత కథలో మాయను చూసి వచ్చే నవ్వు ఇక్కడ పెళ్ళి వ్యాపారం మీదికి మళ్ళింది. ఈ ముక్క గురజాడ ఏ పాత్ర చేతా చెప్పించలేదు. మనకు తెలిసిందీ ముసలాయనకు తెలియనిదీ ఎదురెదురుగా నిలబెట్టి ఊరుకున్నారు.

ఆయన దగ్గర లెక్కలు లేక కాదు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ జాబితా తీయించారనీ, అవి 1034 తేలాయనీ ముందుమాటలో గురజాడే రాశారు. లెక్క ముందుమాటలో ఉంచి, నాటకంలోకి మాత్రం చీర కట్టిన కుర్రాణ్ణి పంపించారు. నాటకకర్త ఏది వదిలేశాడో చూడటం కూడా విశ్లేషణే.

ఇంకో మెట్టు ఎక్కండి. గిరీశం ఎలాంటివాడో మొదటి రంగంలోనే మనకు తెలిసిపోతుంది, ఒంటరిగా మన ముందుకొచ్చి తన గుట్టు తనే విప్పుతాడు. ఆ తర్వాత వితంతువైన బుచ్చమ్మ అతన్ని నమ్ముతుంది. ఇక్కడా మనకు తెలుసు, ఆమెకు తెలియదు. లుబ్ధావధాన్లు మోసపోతుంటే నవ్వాం, బుచ్చమ్మ మోసపోతుంటే గుండె దడదడలాడుతుంది. ఉపాయం ఒకటే అయినా ఒకచోట నవ్వు, ఒకచోట భయం ఎందుకొచ్చాయో నాలుగు వాక్యాలు రాయండి. డబ్బున్నవాడి అజ్ఞానానికీ దిక్కులేనిదాని అమాయకత్వానికీ మన మనసు ఒకే తక్కెడ వాడదు. ఆ సంగతి నాటకకర్తకు తెలుసు.

3. మంచి మాట ఎవరి నోట ఉంది?

వితంతు వివాహాలు జరగాలని ఈ నాటకంలో గట్టిగా వాదించేది గిరీశం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఊరందరి తిట్లూ భరించి 1881లో మొదటి వితంతు వివాహం జరిపించారు. అంత కష్టపడి నిలబెట్టిన మాటను గురజాడ తీసుకెళ్ళి ఒక మాయగాడి నోట్లో పెట్టారు. మాట మంచిదే, మనిషి చెడ్డవాడు. తీర్పు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీద పడింది? మన మీదే. అటు నిజాన్ని బయటపెట్టే పని వేశ్య అయిన మధురవాణికి ఇచ్చారు.

మీరు చూసే నాటకంలో చప్పట్లు పడిన మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఆ మాట వల్ల అన్నవాడికి లాభమేమిటి అని ఒక్కొక్కదానికీ రాయండి. నాటక పరిషత్తు పోటీల నాటికల్లో చివరి ఐదు నిమిషాలు ఎవరో ఒక పెద్దాయన ముందుకొచ్చి ఉపన్యాసం ఇవ్వడం మామూలే. చప్పట్లు పడతాయి కూడా. కానీ మంచివాడు మంచి మాట చెబితే ప్రేక్షకుడికి చెయ్యడానికి పని మిగలదు. నాకు అవి బలహీనమైన నాటికలుగానే కనిపిస్తాయి.

4. మాటలు వదిలేసి మనుషుల్ని చూడండి

ఈ మెట్టుకు పుస్తకం చాలదు, ప్రదర్శనకు వెళ్ళాలి. విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రదర్శన కావచ్చు, సైఫాబాద్ రవీంద్రభారతిలో సురభి కావచ్చు, బంజారాహిల్స్ లామకాన్‌లో చిన్న బృందం కావచ్చు. ఒక పది నిమిషాలు సంభాషణల మీద ధ్యాస తీసేసి చూడండి. ఎవరు వెలుగులో ఉన్నారు? ఎవరు ఎక్కువసేపు మాట్లాడకుండా నిలబడ్డారు? ఎవరు ఎవరికి వీపు చూపించారు? కుర్చీ ఎవరికి దొరికింది?

మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులు దాక్కుని ఉండగా గిరీశం వస్తాడు. చదువుతున్నప్పుడు మంచం కింద ఒక మనిషి ఉన్నాడని రెండు పేజీలకోసారి మరిచిపోతాం. వేదిక మీద మరిచిపోలేం. పైన డాంబికం, కింద భయం, రెండూ ఒకేసారి కళ్ళకు కడతాయి. ఆ రంగంలో మంచం కూడా ఒక పాత్రే.

సురభి ప్రదర్శనలో రంగులు వేసిన తెరలు, తీగల మీద గాలిలో తేలే పాత్రలు, మంటలు, మెరుపులు ఉంటాయి. తీగ కనిపించినా పిల్లలు నోరు తెరుచుకునే చూస్తారు. అది మోసం కాదు, ఒప్పందం. వేషాల సంగతీ అంతే. ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయడం సురభిలో తొలినాళ్ళ నుంచీ ఉన్న పద్ధతి. అదే కాలంలో బయట స్థానం నరసింహారావు లాంటి మగనటులు సత్యభామగా జనాన్ని కట్టిపడేశారు. సత్యభామనూ, ఆమెను ఆడుతున్న మగవాడి నేర్పునూ ప్రేక్షకుడు ఒకేసారి చూస్తాడు. ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకే పాత్ర ఒకే అర్థం ఇవ్వదు.

5. పద్యం దగ్గర ఆగండి

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చూసేవాళ్ళకు కథ తెలుసు, రాయబారం విఫలమవుతుందని తెలుసు, చాలామందికి పద్యాలూ కంఠతా వచ్చు. అన్నీ తెలిశాక చూడటానికి ఏం మిగిలింది? పాడే తీరు మిగిలింది. కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే కథాకాలం ఆగిపోతుంది, హార్మోనియం కాలం మొదలవుతుంది. ఏ పాదం దగ్గర రాగం తీశాడు, ఏ మాట విరిచాడు, ‘వన్స్‌మోర్’ ఎక్కడ పడింది అన్నవి రాసుకోండి. వన్స్‌మోర్ అడిగిన చోటల్లా ప్రేక్షకులు తమకు కావలసిన అర్థాన్ని తామే ఎంచుకున్నట్టు.

6. ఎవరి ముందు, ఎప్పుడు ఆడారు?

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ 1947లో వచ్చింది. ప్రజానాట్యమండలి ఆడింది, ప్రభుత్వం నిషేధించింది. (గౌతం ఘోష్ తీసిన ఇదే పేరు సినిమాకు ఆధారం కిషన్ చందర్ నవల, ఈ నాటకం కాదు.) తెలంగాణ పోరాటం జరుగుతుండగా రైతుల ఎదుట ఆడిన నాటకాన్ని ఇవాళ ఏసీ హాల్లో చూస్తే మాటలు అవే ఉంటాయి, బరువు మారిపోతుంది.

నిషేధమంటే పాతకాలపు సంగతి అనుకోకండి. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన అభ్యంతరమే కారణం. అలాంటి వివాదంలో అభిప్రాయం చెప్పేముందు రచనలో ఏముంది, వేదిక మీద నటులు కలిపిందేమిటి అని విడదీసి చూడాలి. హాస్య పాత్రలకు బృందాలు సొంత మాటలు కలపడం మన దగ్గర కొత్త కాదు. రాసినవాడిదీ ఆడినవాడిదీ ఒకే ఖాతాలో వేస్తే విశ్లేషణ అక్కడే తప్పుతుంది.

7. ఒక్క పేజీ రాయండి

కథ రాయకండి, అది చూసినవాళ్ళందరికీ తెలుసు. ఒకే ఒక్క క్షణం ఎంచుకోండి. అప్పుడు మీకేం తెలుసు, పాత్రకేం తెలియదు, వెలుగు ఎక్కడుంది, హాలు నవ్విందా నిశ్శబ్దమైందా అని రాసి, అది మీలో ఏం కదిలించిందో చివర రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ రాత్రే రాయాలి. తెల్లారితే కథ మిగులుతుంది గానీ క్షణం పోతుంది.

అర్థం కానిది ఒకటైనా మిగులుతుంది, మిగలాలి కూడా. తర్వాతి ప్రదర్శనకు ఆ సందేహం వెంట తీసుకెళ్ళండి. అయిపోగానే పార్కింగ్ వైపు పరుగెత్తకుండా దర్శకుడి దగ్గరికో నటి దగ్గరికో వెళ్ళి అడగండి. సెల్ఫీ అడిగేవాళ్ళు వాళ్ళకు చాలామందే ఉంటారు, ‘ఆ రంగంలో ఆమె ఎందుకు వెనక్కి తిరిగి నిలబడింది?’ అని అడిగేవాళ్ళే కరువు.