ప్రజాపనులలో సంబంధిత పక్షాలు: గుర్తింపు, సమన్వయం

నగరంలో ఏ ప్రజాపని తలపెట్టినా దానికొక పటం, వ్యయ అంచనా, గడువు తప్పక ఉంటాయి. మనుషుల జాబితా మాత్రం చాలాసార్లు ఉండదు. పనికి ధనం సమకూర్చేవారెవరు, అనుమతి ఇచ్చేవారెవరు, పని ముగిసిన తరువాత దానితో జీవించవలసినవారెవరు, దానివలన ఇబ్బందికి లోనయ్యేవారెవరు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానమే ఆ జాబితా. అందులో చేరే ప్రతి వ్యక్తినీ, ప్రతి సంస్థనూ ఆ పనికి 'సంబంధిత పక్షం' అంటారు. ఒక సంస్థ నిర్ణయాలను ప్రభావితం చేసేవారితో పాటు, ఆ నిర్ణయాల ప్రభావానికి లోనయ్యేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచనకు అమెరికా ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో ప్రకటించిన గ్రంథంతో విస్తృత ప్రచారం లభించింది. వ్యాపార రంగంలో ప్రచారం పొందిన ఈ పద్ధతి రోడ్డు, నీరు, గృహనిర్మాణం వంటి పౌర పనులకు కూడా వర్తిస్తుంది. దీనిని అర్థం చేసుకొనుటకు షోలాపూరు తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. అక్కల్‌కోట్ మార్గంలోని కుంభారి చాలు.

కుంభారి నేర్పే పాఠం

తెలంగాణ ప్రాంతాలనుండి తరతరాలుగా వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలలో పురుషులు మగ్గం మీద, స్త్రీలు బీడీల పనిలో జీవనం సాగించడం ఈ నగరానికి చిరపరిచితమైన విషయం. అటువంటి బీడీ కార్మిక స్త్రీల కొరకు కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్లు నిర్మితమైనాయి. 2006 సెప్టెంబరు 1న నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వాటిని ప్రారంభించారు. అనంతరం మాజీ శాసనసభ్యుడు నరసయ్య ఆడం నాయకత్వంలో అసంఘటిత కార్మికుల కొరకు 30,000 ఇళ్ల రే నగర్ పథకం రూపుదిద్దుకొన్నది. దానికి 2019 జనవరి 9న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న 15,000 ఇళ్లను అంకితం చేశారు. చేనేత, మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికులు, చిత్తుకాగితాలు ఏరేవారు, వీధి వర్తకులు, డ్రైవర్లు ఈ పథకంలో ఉన్నారు.

శంకుస్థాపన నాడు ప్రకటించిన లెక్క గమనింపదగినది. మొత్తం వ్యయం 1,811.33 కోట్ల రూపాయలు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సహాయం 750 కోట్లు. దీనిని 30,000 ఇళ్లకు పంచి చూస్తే ఒక్కొక్క ఇంటికి సగటు వ్యయం సుమారు 6 లక్షలు, ప్రభుత్వాల సహాయం 2.5 లక్షలు. మిగిలిన సుమారు 3.5 లక్షలు పొదుపు రూపంలోనో, అప్పు రూపంలోనో కుటుంబం మీదనే పడతాయి. అనగా కాగితాలలో 'లబ్ధిదారు'గా కనిపించే కార్మికురాలే ఆ ఇంటికి అందరికంటె పెద్ద పెట్టుబడి పెడుతున్నది. 'లబ్ధిదారు' అన్న మాట ఆమెను పుచ్చుకొనే మనిషిగా చూపుతుంది. పుచ్చుకొనేవారిని తాళంచెవి ఇచ్చేనాడు పిలిస్తే చాలుననిపిస్తుంది. పెట్టుబడి పెట్టేవారిని పటం గీసేనాడే అడగవలసి ఉంటుంది. పక్షాలను గుర్తించే పని ఈ భేదాన్ని తెలుసుకొనడంతో మొదలవుతుంది.

రెండు కొలతలు

జాబితా సిద్ధమైన పిదప ప్రతి పక్షాన్నీ రెండు కొలతలతో చూడాలి. పనిని నడిపించడానికి గాని, ఆపడానికి గాని వారికి ఎంత అధికారం ఉన్నది? పని ఫలితం వారి జీవితాన్ని ఎంతగా తాకుతుంది?

అధికారం, ఆసక్తి రెండూ అధికంగా ఉన్నవారితో నిర్ణయాలన్నీ కలిసి తీసుకోవాలి. గృహ పథకంలో ప్రభుత్వాలు, కార్మికుల గృహ సమాఖ్య ఇటువంటి పక్షాలు. అధికారం ఉండి ఆసక్తి తక్కువైనవారు రెండవ వర్గం. రుణమిచ్చే బ్యాంకు, విద్యుత్తు సంస్థ, నీటి సరఫరా శాఖలకు ఇది అనేక పనులలో ఒకటి మాత్రమే. వారికి సకాలంలో, లిఖితపూర్వకంగా తెలుపకపోతే గోడలు లేచినా దీపం వెలగదు, కుళాయి పారదు. రెండూ తక్కువగా ఉన్నవారికి ఎప్పటికప్పుడు సమాచారం అందితే చాలు.

అసలు పరీక్ష నాలుగవ వర్గంతో వస్తుంది. వీరికి అధికారం స్వల్పం, సంబంధం అపారం. బీడీలు చుట్టే స్త్రీకి ఆకు, పొగాకు ఇచ్చి బీడీలు తీసుకొనే కార్ఖానా ఎంత దూరమన్నది ఇంటి గోడలంత ముఖ్యం. బస్సు ఛార్జీ ఆమె కూలిలో నుండే పోవాలి. కొత్త కాలనీతో రోడ్డు, నీరు పంచుకోవలసిన పాత గ్రామస్థులు కూడా ఈ వర్గంలోనివారే. సంతకం పెట్టే అధికారం లేనందున వీరి పేర్లు జాబితా నుండి సులభంగా జారిపోతాయి.

ఈ జారుడును అరికట్టుటకు చట్టమే కొన్నిచోట్ల పూనుకొన్నది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వర్తకులే కావాలి. వారిలో మూడవ వంతు స్త్రీలుండాలి. చట్టం ఆదేశించని పనులలో ఆ బాధ్యత పని చేపట్టినవారిదే.

కుంఠా నాకా వీధికి అన్వయం

కుంఠా నాకాలో ఒక వీధిలో మురుగు కాలువ త్రవ్వుతున్నారని అనుకొందాం. ఇంటి యజమాని పేరు రికార్డులో ఉంటుంది, అద్దెకున్నవారి పేరు ఉండదు. కాలువ పొంగితే నీరు చేరేది మాత్రం అద్దెకున్నవారి గదిలోకే. వీధి త్రవ్వితే పడుగు చుట్టిన బీములను మోసుకొచ్చే బండి మగ్గం వరకు రాదు. మగ్గం ఆగితే యజమానికి ఆలస్యం, నేసిన మేరకే కూలి పొందే కార్మికునికి పస్తు. మూలమీద బండి పెట్టుకొనే కూరగాయల అమ్మకందారు, బడికి పోయే పిల్లలు, రేపు ఆ కాలువను శుభ్రం చేయవలసిన పారిశుధ్య కార్మికులు కూడా పక్షాలే. కాలువ లోతు ఎంత, మూత ఎట్లుండాలి అన్న ప్రశ్నకు చివరివారి అనుభవం ఎంతో విలువైనది.

సమన్వయ సూత్రాలు

1. సమావేశ సమయం కూలి పోని వేళ ఉండాలి. పగటి సభకు మగ్గం వదలి వచ్చే కార్మికుడు ఆనాటి కూలిని కోల్పోతాడు.

2. ప్రకటన మరాఠీతో పాటు తెలుగులోనూ ఉండాలి. చదువలేనివారికి ఇంటింటా చెప్పించాలి.

3. ఇచ్చిన ప్రతి మాట, తేదీ, బాధ్యుని హోదా నమోదు కావాలి. అడిగినది సాధ్యం కానప్పుడు కారణం చెప్పాలి. మౌనం కంటె స్పష్టమైన నిరాకరణ మేలు.

4. జాబితాను ప్రతి దశలో సవరించాలి. త్రవ్వకం నాటి గుత్తేదారు పని ముగియగానే వెళ్లిపోతాడు. వీధివారు ఉండిపోతారు.

అభ్యాసం

ఈ సంవత్సరం మీ వీధిలో జరిగిన ఒక పనిని ఎంచుకొని, దానికి సంబంధించిన పది పక్షాలను వ్రాయండి. వారిలో ఎవరిని ముందుగా సంప్రదించారు? ఎవరికి పని మొదలైన తరువాత తెలిసింది? ఎవరికి అసలు తెలుపలేదు? మూడవ ప్రశ్నకు వచ్చిన పేర్లను తదుపరి వార్డు సమావేశంలో చదివి వినిపించండి.