అంచు మూయుటకు ముందు బొంతను పరీక్షించుట

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములలో బొంతను ఎరుగని వారుండరు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, వరుస వెంబడి వరుసగా సూదితో కుట్టిన ఈ బొంతయే పసిబిడ్డకు పక్క. నల్లమల అంచున పుష్యమాసపు చలికి పెద్దలకు కప్పు. వర్షాధారపు సేద్యముతో బ్రతుకు ఈ సీమలో గుడ్డను ఎవరును వృథా చేయరు. అయినను కుట్టునందలి పొరపాటును సకాలమున చూచుకొననందున మూడు నాలుగు చీరలు, పదిదినముల శ్రమ మొదటి ఉతుకుతోనే పాడగుట కలదు. పొదుపు సంఘముల స్త్రీలు బొంతలు కుట్టి అమ్మదలచినచో ఈ నష్టము మరింత బరువగును. కావున పంచాయతీ సభ్యులును దీనిని తెలిసికొనుట మంచిది.

మార్కాపురపు పలకపై తప్పు వ్రాసిన బాలుడు తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయును. బొంతపై తప్పును దిద్దుటకును ఒక సమయము కలదు. అది నాలుగు అంచులను మడిచి కుట్టుటకు ముందు. అంచు తెరచియున్నంతవరకు లోపలి పొరను లాగవచ్చును, సవరింపవచ్చును. మూసిన పిదప ఏ చిన్న దోషమునకైనను కుట్టంతయు విప్పవలసి వచ్చును.

అయితే ప్రతి వంకరయు తప్పు కాదు. వరుస కొంచెము వంగినను, రంగులు జతపడకున్నను బొంతకు హాని లేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలు కొలబద్దకు లొంగనివి. 2002లో వానిని హూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో ప్రదర్శించిరి. కంటికి నచ్చనిదానిని వదలివేయవచ్చును. ఉతికినప్పుడు చెడునట్టిదియు, ఒంటికి గ్రుచ్చుకొనునట్టిదియు మాత్రమే విప్పి తీరవలెను.

మొదట బొంతను శుభ్రమైన నేలపై పరచవలెను. ఇంటిలో చోటు చాలనిచో పంచాయతీ కార్యాలయపు వసారా ఇందుకు ఉపయోగపడును. ఎదురెదురు మూలల నడిమి దూరమును త్రాటితో రెండు వైపులను కొలువవలెను. ఇల్లు కట్టునపుడు మేస్త్రి మూలమట్టము చూచు పద్ధతియే ఇది. రెండు కొలతలు సమానము కానిచో కుట్టు ఒక వైపునకు గుంజినదని అర్థము. పిదప బొంతను తిరగవేసి అరచేతితో నిమురవలెను. క్రింది పొరలో ముడత పడి కుట్టులో చిక్కుకొన్నచో కంటికంటె చేతికే ముందుగా తెలియును. అచ్చట బలపముతో గుర్తు పెట్టవలెను.

కుట్టు విప్పునపుడు దారమును ఒక కొసనుండి బలముగా లాగుట సాధారణముగా జరుగు పొరపాటు. పాతచీర నేత దానికి నిలువదు, చినుగును. వెనుకవైపున మూడు కుట్లకొకటి చొప్పున కత్తిరించి, ముందువైపునుండి దారమును మెల్లగా తీయవలెను. ముడత నుండి సమీపపు అంచు వరకు వరుసలను విప్పి, పొరను బయటికి సర్ది, టాకాలు వేసి మరల కుట్టవలెను. ఇందుకు ఒక పూట పట్టును. విప్పుటను చిన్నతనముగా తలచు వారున్నారు గాని, మా ఇంట ఒక బొంతకు పురిటి తొందరలో విప్పకయే అంచు మూసిరి. మొదటి ఉతుకుతోనే అది దోనెవలె లేచినది.

రంగు విషయము క్లుప్తముగా చెప్పవచ్చును. ఎరుపు, నీలి గుడ్డల మూల తడిపి తెల్లగుడ్డతో అదిమి చూడవలెను. రంగు అంటినచో ఆ ముక్కను తొలగించుటయే మేలు. ఉతుకని క్రొత్త నూలుగుడ్డ కలిసియున్నచో అది కుంచించుకొనును, పాలియెస్టరు చీర కుంచించుకొనదు. ఇట్టి బొంతను అంచు మూయకముందే ఒకసారి తడిపి పరచి ఆరవేసినచో, ముడుచుకొన్న చోట్లు బయటపడును.

అన్నింటికంటె ముఖ్యమైనది విరిగిన సూది. నాలుగైదు పొరలను దాటునపుడు సూది మొన విరిగి లోపల నిలిచిపోవుట సంభవము. తునకలను జతచేసి మరియొక సూదితో పోల్చి చూడవలెను. పొడవు తగ్గినచో మొన బొంతలోనే ఉన్నదని భావింపవలెను. ఎగుమతి వస్త్రములు కుట్టు కర్మాగారములలోను తునకలన్నియు దొరకనిదే ఆ వస్త్రమును ముందుకు పంపరాదను నియమము పాటింతురు. సూదంటురాయి గాని, పాత రేడియో స్పీకరులోని అయస్కాంతము గాని తీసికొని రెండు వైపులను నిదానముగా త్రిప్పవలెను. ఆగినట్లు తోచిన చోట వరుస విప్పి వెదకవలెను. వ్రేలితో నొక్కి వెదకరాదు. అప్పటికిని దొరకనిచో ఆ బొంతను పసిబిడ్డ పక్కకు వాడరాదు, అమ్మరాదు. పొరలు విప్పి మొన దొరకిన పిదపనే మరల కుట్టవలెను. కుట్టువారికి సూదులను లెక్కించి ఇచ్చి, సాయంకాలము లెక్కించి తీసికొనినచో ఈ వెదకులాట చాలవరకు తప్పును.

ఇవన్నియు చూచిన పిమ్మట అంచును మూలనుండి కాక, ఒక ప్రక్క నడుమనుండి మొదలుపెట్టి మూయవలెను. ముడి రెండు పొరల నడుమకు జారవిడువవలెను.